చూడకుండా పాసైన దురద

ఆ రోజుల్లో ఆడపిల్ల డాక్టరు దగ్గరికి వెళ్ళడమంటే, రోగం ఉన్న పిల్ల తల వంచుకుని కూర్చోవడం, వెంట వచ్చిన పెద్దావిడ ఆ రోగం కథంతా చెప్పడం. పెళ్ళికాని దాన్ని, అక్కడ దురద అని నోటితో ఎలా అంటాను? (దురదకు మాత్రం సిగ్గెక్కడిది!) నాచారంలో సర్క్యూట్ బోర్డులు చేసే ఫ్యాక్టరీలో అప్పుడే పనికి కుదిరాను. పొద్దస్తమానం స్టూలు మీద కూర్చుని మైక్రోస్కోపులో అతుకులు చూడాలి. నిలకడగా చేస్తే పర్మనెంటు. కళ్ళతో చూడకుండా ఒక్క బోర్డు కూడా పాస్ చేయొద్దని సూపర్‌వైజరన్న రోజూ చెప్పేవాడు. ఆ స్టూలు మీద కూర్చోవడమే నాకు గగనమైపోయింది.

నేనుండేది ఉప్పల్‌లో, పెద్దమ్మ ఇంట్లో. ఫ్యాక్టరీ మురికి అంటుతుందని, చేరిన రోజు నుంచే కడుక్కునే నీళ్ళలో పుండ్లు కడిగే మందు ఒక మూతెడు పోయించేది. దురద మొదలయ్యాక రెండు మూతలు చేసింది. ఆమే నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

"పిల్లకు మస్తు వేడి జేసిందమ్మా. కింద ఒకటే దురద."

"తెల్లగ పోతదా?" అంది డాక్టరమ్మ.

"పోతది," అంది పెద్దమ్మ, నన్ను అడగకుండానే.

"అయితే ఫంగసే." నన్ను చూడకుండానే పూతమందు రాసింది. తగ్గలేదని మళ్ళీ వెళితే, మొండి ఫంగస్ అని ఇంకో మందు రాసింది. మంట రెట్టింపైంది. నా బతుకింతేనా దేవుడా అని బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి మరీ ఏడ్చేదాన్ని.

"ఏంది చెల్లె, జర సేపన్న కుదురుగ కూసోవు?" అని సూపర్‌వైజరన్న నన్ను ప్యాకింగ్‌కు మార్చాడు. అక్కడంతా నిలబడి చేసే పని, రోజు కూలీ.

చివరికి రామంతాపూర్‌లో ఒక డాక్టరమ్మ పెద్దమ్మను బయట కూర్చోబెట్టి నన్ను పరీక్ష చేసింది. తడి తీసి గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూసింది.

"ఫంగస్ లేదమ్మా. నీళ్ళల్ల ఏమన్న కలుపుతున్నవా?"

చెప్పాను.

"అయ్యో పిల్లా, అదే కాలుస్తున్నది. వట్టి నీళ్ళు సాలు."

"నేనొకసారి సూడొచ్చా మేడం?" అన్నాను. ఆమె నవ్వి పక్కకు జరిగింది. ఎంత వెతికినా ఏ లోపమూ కనబడలేదు. బయటికొచ్చి చెబితే పెద్దమ్మ, "గా ముచ్చట ముందుగాల జెప్పొద్దా?" అని నన్నే కసిరింది.

వట్టి నీళ్ళతోనే దురద పోయింది. పరుగున వెళ్ళి, "అన్నా, ఇగ ఎంతసేపైన కూసుంట," అన్నాను.

"నీ జాగల వేరే పిల్లను పర్మనెంటు జేసిన్రు చెల్లె," అన్నాడు. ఆ పిల్ల స్టూలు మీద హాయిగా కూర్చుని ఉంది.

ఇప్పుడు చిన్న దగ్గుకు వెళ్ళినా, "చూసి రాయండమ్మా" అని డాక్టర్ల ప్రాణం తీస్తాను. ఆ ఒక్క మాట నోట రాని అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ స్టూలు గుర్తొస్తే మాత్రం, ఇప్పటికీ ఏడుపే.