నవ్వించిన దయ్యం

బచ్చన్నపేట నుంచి జనగామ కాలేజీకి వెళ్లే వర్షిణి, స్నేహితులంతా కలిసి తీసిన దయ్యం సినిమాలో దయ్యంగా నటించింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దయ్యం అది. పాత పత్తి గోదాములో ఏడ్చే సీను తీస్తుంటే ఆమెకు నిజంగానే ఏడుపు ఆగలేదు.

కాలేజీలో సినిమా వేసినప్పుడు సరిగ్గా ఆ సీనుకే అందరూ పడీపడీ నవ్వారు. డైరెక్టర్ రాకేశ్ ముఖం మాడిపోయింది. చివర్లో చప్పట్లు మోగేసరికి, "మనం తీసిందే కామెడీ అని చెప్దాం," అన్నాడు. వర్షిణి కూడా తలూపింది.

ఇంటికి రాగానే నాయనమ్మ అడిగింది. "అందరు భయపడ్డరా బిడ్డా?"

"లేదవ్వా, నవ్విండ్రు. మస్తుగున్నదన్నరు. ఇంకోటి తీద్దామంటుండ్రు."

"మరి మొకం గట్ల పెట్టుకున్నవేంది?"

"సంబరపడాల్నో, బాధపడాల్నో సమజైతలేదవ్వా."