నాగా లేని పిల్ల

మా చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి పిల్లలందరి దగ్గరా బోలెడు సాకులుండేవి... మా ఇంట్లో మాత్రం ఒక్కటీ చెల్లేది కాదు. "లే బిడ్డా, నాగా పడుతది" అంటూ పెదనాన్న దుప్పటి లాగేసేవాడు. వాన దంచుతున్నా సరే, ఒళ్ళు వెచ్చగా ఉన్నా సరే... బ్యాగు తన భుజానికి, గొడుగు నా నెత్తిమీదికి, టేకులపల్లి రోడ్డెంట ఇద్దరం నడక. నాకింకా పాతికేళ్ళు నిండలేదు, చిన్నప్పుడు అంటే నవ్వకండి మరి.

పెదనాన్న అని పిలుస్తాను గానీ మా ఇద్దరికీ చుట్టరికం లేదు. అమ్మానాన్న పోయాక బంధువుల ఇళ్ళు తిరిగాను. ఉన్న ప్రతిచోటా "మొద్దుపిల్ల" అనిపించుకుని బయటికొచ్చాను. చివరికి పిల్లల సంక్షేమం చూసే ఆఫీసు మేడమ్ నన్ను ఈ పెదనాన్న, పెద్దమ్మల ఇంట్లో పెంపకానికి ఉంచింది. దత్తత కాదు... ఎన్నాళ్ళుంటానో ఎవరూ చెప్పలేదు.

పెదనాన్న బొగ్గుబాయిలో బెల్టు ఆపరేటర్. బొగ్గు మోసుకెళ్ళే ఆ పొడవాటి బెల్టు ఆగకుండా చూసుకోవడం ఆయన పని. బాయి మనుషులకు మస్టర్ అంటే హాజరు, నాగా అంటే డ్యూటీకి పోకపోవడం. మస్టర్ పడితేనే జీతం, నాగాలు ఎక్కువైతే ఉద్యోగానికే ఎసరు. పాపం, చదువు కూడా అంతే అనుకున్నాడు ఆయన... రోజూ పోతే చాలు, అదే వచ్చేస్తుందని.

నేను రోజూ పోయేదాన్ని. చివరి బెంచీలో కూర్చునేదాన్ని. ఐదో తరగతికొచ్చినా నాకు చదవడం రాదు. అక్షరాలు తెలుసు, గుణింతాలూ ఒత్తులూ కలిసేసరికి కళ్ళు తిరిగేవి. అందరూ కలిసి పాఠం చదువుతుంటే ఊరికే పెదాలు కదిపేదాన్ని. ఇంట్లో చెబితే ఇక్కణ్ణుంచి కూడా పంపేస్తారని భయం. పెద్దమ్మ వేడన్నంలో పప్పు కలిపి పెడుతుంటే, ఆ ముద్ద మింగుతూ కూడా అదే భయం...

ఒకరోజు సార్ మా వాళ్ళను పిలిపించారు. పెదనాన్న మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, తల కూడా ఆరకుండానే పెద్దమ్మను తీసుకుని వచ్చాడు. అప్పటికే అక్కడ ఆఫీసు మేడమ్ కూర్చుని ఉంది.

"పిల్లకు చదవడం రావట్లేదండీ. భద్రాచలంలో హాస్టల్లో వేస్తే సాయంత్రాలు కూడా దగ్గరుండి చదివిస్తారు" అన్నారు సార్. ఆయన నా మంచికే అన్నారు.

పెదనాన్న బిత్తరపోయాడు. "గట్లెట్లయితది సార్? ఒక్క నాగా లేదు. జరమొచ్చినా తోలిన గదా!"

నేను గోడకు అంటుకుపోయి నిలబడ్డాను. నా బట్టలు అప్పుడే మనసులో మడతపెట్టేసుకున్నాను...

పెదనాన్నే మళ్ళీ అందుకున్నాడు. "బాయిల కొత్తోళ్ళను ఒంటరిగ ఇడ్సిపెట్టం సార్. పని తెలిసినోళ్ళ పక్కన పెడతం. ఈ పిల్లను బడికి తోలినం గానీ పక్కన ఎవ్వరం కూసోలే. పెద్ద పరీక్షల దాక ఆగున్రి. మేం కూసుంటం."

మేడమ్ నా వైపు తిరిగింది. "నువ్వేమంటావమ్మా?"

అప్పటిదాకా ఏ ఇంట్లోనూ నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "ఈడనే ఉంట" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మేడమ్‌కు మాత్రం వినపడింది. సరే, పరీక్షల దాకా చూద్దామంది.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది. పెద్దమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. ఒళ్ళో చాట పెట్టుకుని మిరపకాయల తొడిమలు తీస్తూ, నేను తప్పు చదివితే అక్కడే ఆపి దిద్దేది. ఆ ఘాటుకు తుమ్ములొస్తుంటే తుమ్ముతూనే చదివేదాన్ని. ఇంకో పక్కన పెదనాన్న గోడకు జారగిలబడి కూర్చునేవాడు. షిఫ్టు చేసొచ్చిన మనిషి కదా, కూర్చున్న కాసేపటికే గురక... కానీ నేను ఏ పదం దగ్గరైనా ఆగానంటే చటుక్కున కళ్ళు తెరిచేవాడు.

"ఆగిందేంది?"

బెల్టు ఆగితే లేచే అలవాటు ఆయనది. "నిద్రల గూడ డ్యూటీయేనా నీకు?" అని పెద్దమ్మ నవ్వేది. ఆయన్ని నిద్రలేపడం ఇష్టంలేక, రాని పదాన్ని కూడా కూడబలుక్కుని లాగేదాన్ని. అట్లా లాగుతూ లాగుతూనే నాకు చదవడం వచ్చింది.

పరీక్షలయ్యాక మేడమ్, పెదనాన్నల ముందు సార్ నేనెప్పుడూ చూడని కథల పుస్తకం తెరిచి చేతికిచ్చారు. తడబడ్డాను, మళ్ళీ అందుకున్నాను, పేజీ చివరిదాకా వెళ్ళాను. సార్ చాలన్నారు. పెదనాన్నకు చాల్లేదు. "ఇంకో పేజీ సదివియ్యున్రి సార్" అన్నాడు ఆశగా. మేడమ్ నవ్వేసింది. హాస్టల్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నాకు పద్దెనిమిది నిండాక మేడమ్ చివరిసారిగా ఇంటికొచ్చింది. చట్టం ప్రకారం పెంపకం గడువు ముగిసిందని చెప్పి, "ఇక మీ బాధ్యత అయిపోయినట్టేనండీ" అంది. మళ్ళీ మనసులో బట్టలు మడతపెట్టుకున్నాను... పెదనాన్న తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"అయిపోవుడేంది మేడమ్? పిల్ల డిగ్రీ ఇంక ఫస్ట్ ఇయరే గదా!"

ఆ రోజు వంటింట్లోకి పోయి పెద్దమ్మ భుజం మీద తల పెట్టుకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలీదు.

ఇప్పుడు పెదనాన్న రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి ఇద్దరూ జూలూరుపాడులో ఉంటున్నారు. నేను ఖమ్మంలో కిరాయి గదిలో ఉండి బీఎడ్ చదువుతున్నాను. ఏ పాఠం కావాలన్నా ఫోన్‌లో దొరుకుతుంది, ఎన్నిసార్లు వినాలన్నా వినిపిస్తుంది... అన్నీ ఉన్నాయి గానీ, చదువుకునేటప్పుడు పక్కన కూర్చునే మనిషే లేడు.

మీరు చదువుకుంటుంటే మీ పక్కన ఎవరు కూర్చున్నారో రాయండి... వాళ్ళింకా ఉంటే మాత్రం, ఇక్కడ రాయడానికంటే ముందు వాళ్ళకొక ఫోన్ చేయండి.