వాషరు పడిన చప్పుడు

మా బండికి ప్రతి రెండు వేల కిలోమీటర్లకీ ఇంజనాయిలు మార్చేవాళ్ళం. మెకానిక్కు దగ్గర కాదు, మా పెరట్లో, మేమే. బండి కొన్నది 1994 జూన్‌లో. మొదటిసారి ఐదు వందలకే, రెండోసారి రెండు వేలకి మార్చాలని బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటే అలాగే మార్చాం. ఆ రోజు నుంచి తేదీ, రీడింగు, పోసిన ఆయిలు ఎంతో నోటుబుక్కులో రాస్తూ వచ్చాను. నేను లెక్కల టీచర్ని. రాసి పెట్టనిది జరిగినట్టే అనిపించదు నాకు. ఆ పుస్తకం ఇప్పుడు నా ముందే ఉంది.

మావారు డ్రాయింగు మాస్టారు. ఇద్దరిదీ ఒకటే హైస్కూలు. నిడదవోలు దగ్గర మా ఊరి నుంచి కాలవ గట్టు మీదుగా పదకొండు కిలోమీటర్లు, రానూ పోనూ ఇరవై రెండు. బడిరోజులూ బజారు పనులూ కలిపితే ఏడాదికి ఐదు వేల రెండు వందలు. అంటే నాలుగున్నర నెలలకోసారి ఆయిలు మార్పు. ఇంట్లో అత్తగారు, బళ్ళో స్టాఫు. మేమిద్దరమే ఉండేది ఆ కాలవ గట్టు మీదే. నేను వెనక కూర్చుని ఏవో చెబుతూ ఉండేదాన్ని. ఆయన ఊ కొడుతూ నడిపేవారు.

ఆయిలు మార్చేది ఆదివారం. డబ్బా మాత్రం శుక్రవారం సాయంత్రానికే ఇంటికి చేరాలి. శనివారం ఇంట్లోకి నూనె తేకూడదని మా అత్తగారి నియమం.

"అది తినే నూనె కాదమ్మా, ఇంజనుకి పోసేది" అని మావారు మొదట్లో ఒకసారి వాదించారు.

"శనీశ్వరుడికి డబ్బా మీద రాసింది చదివి వినిపిస్తావా? నూనె నూనేరా" అన్నారావిడ.

ఆదివారం పొద్దున్నే బండిని బజారు చివరిదాకా నడిపి తెచ్చేవారు, ఆయిలు వేడెక్కి పల్చబడితే మడ్డి మిగలకుండా దిగుతుందని. తర్వాత సెంటర్ స్టాండు వేసి, కింద సత్తు బేసిను పెట్టి, స్పానరుతో అడుగున ఉన్న బోల్టు విప్పేవారు. నల్లటి ఆయిలు దిగేలోగా కిరసనాయిల్లో ముంచిన కొబ్బరి పీచుతో చైనుకి పట్టిన గట్టు మట్టి తోమేవారు. పాత ఆయిలు సీసాకెత్తి పెడితే అత్తగారు దడి కర్రల మొదళ్ళకి రాయించేవారు, చెదలు పట్టకుండా. విప్పిన ప్రతి వస్తువూ నేనిచ్చిన స్టీలు పళ్ళెంలోనే పెట్టాలి. పని అయ్యాక పళ్ళెంలో మిగిలేది సున్నా కావాలి. అది నా నియమం.

"మీ అత్తాకోడళ్ళ నియమాల మధ్య ఈ బండి ఎలా బతుకుతోందో" అనేవారాయన.

డబ్బాలో లీటరు ఉంటుంది. ఇంజనుకి తొమ్మిది వందల మిల్లీ లీటర్లు చాలు. మిగిలిన వంద ప్రతిసారీ వేరే సీసాలో దాచాను. తొమ్మిది మార్పులకి తొమ్మిది వందలైంది. పదోసారి డబ్బా కొననివ్వలేదు.

కొత్త ఆయిలు పోసి స్టార్టు చేశాక, ఆయన పెద్ద స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకునేవారు. డాక్టరు గుండె చూసినట్టు. నేను పెన్ను పట్టుకుని నిలబడేదాన్ని. "బాగుంది" అంటే 'సౌండు బాగుంది' అని రాసేదాన్ని. అప్పటికి ఆ రోజు లెక్క ముగిసినట్టు.

పద్నాలుగో మార్పు 1999 ఆగస్టులో. రీడింగు 26,012. ఆయిలంతా దిగాక ఆయన పాత బనీను గుడ్డతో బోల్టు తుడుస్తున్నారు. బోల్టుకి అంటుకున్న వాషరు జారి గచ్చు మీద ఠంగుమని పడింది. అంతటితో ఆగలేదు. గిరగిరా దొర్లుకుంటూ పోయి బట్టలుతికే బండకి కొట్టుకుని మళ్ళీ మోగింది. అరుగు మీద గోంగూర వలుస్తున్న అత్తగారు తలెత్తి బండ వైపు చూశారు. అప్పటికి ఆవిడకి డెబ్బై ఎనిమిది. పుస్తకంలో రాసుకుంటున్న నేనూ చూశాను. ఆయన చూడలేదు. తాపీగా బోల్టు తుడిచి, పళ్ళెంలోకి చూసి, మోకాళ్ళ కింద తడిమి, "ఏమోయ్, వాషరేదీ? నువ్వేమైనా తీశావా?" అన్నారు.

నేను వెళ్ళి తెచ్చిచ్చాను. ఆయన బిగించి, ఆయిలు పోసి, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని, "బాగుంది" అన్నారు. అలాగే రాశాను. దాని కింద ఇంకో వరుస కూడా రాశాను: 'వాషరు కింద పడింది. ఆయనకి వినపడలేదు.'

ఆయన స్నానానికి వెళ్ళాక అత్తగారు గోంగూర కాడలు దులుపుతూ అన్నారు: "వాళ్ళ నాన్నకీ ఇంతే అమ్మాయ్. యాభై దాటాక మొదలైంది."

"మరి మీరేం చేసేవారు అత్తయ్యగారూ?"

"ఏం చేస్తాను? అరిచేదాన్ని. నేను అరిచే కొద్దీ మనిషి ముడుచుకుపోయారు. నువ్వు అరవకు."

ఆ సాయంత్రం కూర్చుని వెనక్కి లెక్క చూసుకున్నాను. పది రోజుల కిందట గట్టు మీద ధాన్యం లారీ వెనక నుంచి నాలుగుసార్లు హారను కొట్టింది. ఆయన పక్కకి తియ్యలేదు. లారీ మమ్మల్ని రాసుకుంటూ పోయింది, నా చీర కొంగుకి దుమ్ము కొట్టింది. దిగాక నేను దులిపేశాను. "అంత పంతం దేనికండీ?" అంటే, "వాడికి తొందరైతే నాకేంటి?" అన్నారు. పంతమనే అనుకున్నాను. అది పంతం కాదు. ఆయనకి వినపడలేదు. గట్టుకి ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేలు. పక్కకి జరగడానికి మూడడుగులు కూడా ఉండదు.

ఇంకో సంగతి కూడా తట్టింది. నేను చెప్పిన కబుర్లన్నిటికీ ఆయన ఊ కొట్టింది ఎన్నాళ్ళ నుంచి వినకుండానో! ఆ లెక్క మాత్రం నాకు తేలలేదు.

ఆ వారం ఆరు రోజులూ ముందుకి వంగి, చెవి దగ్గర, "లారీ" అనో "బస్సు" అనో చెబుతూ వెళ్ళాను. "చూశాన్లే" అనేవారు, చిరాగ్గా.

తర్వాతి ఆదివారం చైను ఎప్పుడు బిగించామో చూద్దామని ఆయన నోటుబుక్కు తెరిచారు. నేను గుమ్మంలో ఉన్నాను. ఒక పేజీ దగ్గర ఆగిపోయారు.

"ఇది ఎప్పుడు రాశావు?"

"తేదీ ఉంది కదండీ."

నవ్వబోయి నవ్వలేకపోయారు. పుస్తకం మూసి సీటు మీద పెట్టారు. "రేపట్నుంచి నువ్వు బస్సులో వెళ్ళు."

"మొదటి బస్సు ఏడూ పదికి. రెండోది వెళ్ళేసరికి గంట కొట్టేస్తారు."

"అయితే ఏడూ పదికి వెళ్ళు. బండి అమ్మేద్దాం."

"ఎందుకండీ?"

"నేనొక్కణ్ణే అయితే ఏదోలా నడుపుకుంటాను. వెనక నువ్వుంటావు కదా!" ఆ మాట నా వైపు చూడకుండా, పెట్రోలు ట్యాంకు తుడుస్తూ అన్నారు. "నాకు తెలుసులే. ఏడాది నుంచీ తెలుసు. స్క్రూడ్రైవరు పెట్టుకుంటే అదురు తెలుస్తుంది, అంతే. చప్పుడు తెలీదు."

అంటే, పుస్తకంలో నేను రాసిన చివరి మూడు 'సౌండు బాగుంది'లూ తప్పే. ఆ మూడింటినీ మర్నాడు కొట్టేశాను. ఆ క్షణంలో మాత్రం వంగి పళ్ళెంలోంచి స్క్రూడ్రైవరు తీసుకున్నాను.

"స్టార్టు చెయ్యండి."

"నీకేం తెలుస్తుందోయ్?"

"మీరు చెప్పండి, తెలుసుకుంటాను. పిల్లలు నేర్చుకోవడం లేదా?"

కిక్కు కొట్టారు. నేను మొన ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాను. ఐదేళ్ళు పెన్ను పట్టుకుని పక్కన నిలబడ్డానే గాని, లోపల అంత సందడి ఉంటుందని నాకు తెలీదు. "పైన ఏదో టకటకా కొట్టుకుంటోందండీ, దబ్బనంతో రేకు మీద కొట్టినట్టు" అన్నాను, అరవకుండా, ఆయన నా పెదాలు చూసేలా ఎదురుగా నిలబడి.

"టాపెట్లు" అన్నారు. మొహంలో వెలుగొచ్చింది.

టాపెట్లంటే ఇంజను పైభాగంలో వాల్వుల్ని నొక్కేవి. వాటి సందు ఇంజను చల్లారాకే సర్దాలి. చల్లారడానికి గంటకు పైగా పట్టింది. ఆ సందులో సన్నటి రేకు పెట్టి సర్ది, మళ్ళీ స్టార్టు చేశారు. ఇంకా కొట్టుకుంటోందన్నాను. మళ్ళీ చల్లార్చాం. ఈలోపు భోజనాలయ్యాయి. రెండోసారి విని, "ఇప్పుడేం వినపడ్డం లేదండీ" అన్నాను సంతోషంగా.

"అస్సలా? అయితే మరీ బిగుసుకుపోయింది. కొద్దిగా వినపడాలి."

"కొద్దిగా అంటే ఎంత?"

ఆలోచించారు. "పక్క గదిలో అమ్మ జపమాల తిప్పుకుంటుంటే వినపడేదే, అంత."

మూడోసారికి నాలుగున్నర దాటింది. అరుగు మీద అత్తగారు మా ఇద్దరినీ చూస్తూ, "ఇవాళేంటర్రా, బండికి పురుడు పోస్తున్నారా?" అన్నారు. నేను కళ్ళు మూసుకుని విన్నాను. పూసలు ఒకదాన్నొకటి తాకుతున్నంత సన్నగా ఉంది. ఇక చాలన్నట్టు వేలెత్తాను. ఆయన స్పానరు కింద పెట్టారు. బండి అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్న ఎక్కేముందు చెప్పాను. కుడి భుజం మీద ఒకసారి తడితే వెనక ఏదో వస్తోందని. రెండుసార్లు తడితే దగ్గరికొచ్చేసింది, ఎడమకి తియ్యాలని. ఆయన తల ఊపారు. ఇక కబుర్లంటారా, అవి బండి దిగాక, ఎదురుగా నిలబడి చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఆ నెలలోనే రాజమండ్రిలో చెవి డాక్టరుకి చూపించి మిషను పెట్టించాం. బళ్ళో పనికొచ్చేది. బండి మీద మాత్రం గాలి హోరు తప్ప ఏమీ వినపడదని తీసి జేబులో వేసుకునేవారు.

2006లో ఆయన రిటైరయ్యేనాటికి రీడింగు 62,000 దాటింది. మొత్తం ముప్ఫై రెండు మార్పులు. పదిహేనో మార్పు నుంచి ముప్ఫై రెండో దాకా ప్రతిసారీ ఆయిలు పోసింది ఆయన, విన్నది నేను. "ఏమంటోంది?" అని అడిగేవారు, ఇంట్లో మూడో మనిషి గురించి అడిగినట్టు. లారీ ఏదీ మమ్మల్ని మళ్ళీ రాసుకుంటూ పోలేదు.

ఆ మరుసటి ఏడాది వ్రతం చేయించుకుందామని అన్నవరం వెళ్ళాం, బస్సులో. ఆయన కిటికీ వైపు, ఆయనకి కుడి పక్కన నేను. కాసేపటికి ఇద్దరికీ కునుకు పట్టింది. వెనక నుంచి ఏదో లారీ గట్టిగా హారను కొట్టింది. కళ్ళు తెరవకుండానే నా చెయ్యి లేచి ఆయన కుడి భుజం మీద రెండుసార్లు తట్టింది. ఆయన కూడా కళ్ళు తెరవలేదు. ఎడమకి జరిగి కిటికీకి ఆనుకుని దారిచ్చారు.