మెతుకు ముట్టలేదు, అంబలి తాగినాను

మా ముత్తాత, తాత ఇద్దరూ పెనుకొండ దగ్గరి మా పల్లెకు మునసబులు. పని మీద బయలుదేరేటప్పుడు వెండి చెంబుతో రాగి అంబలి తాగి గడప దాటడం వాళ్లు పెట్టిన ఆచారం. మునసబుగిరీ పోయింది, పొలాలు పోయాయి. ఆచారం మాత్రం నేను తప్పలేదు.

పోయిన ఏడాది ధర్మవరంలో చుట్టాల పెళ్లికి పట్టుచీర బేరం చేస్తుంటే కుడి డొక్క కింద నొప్పి పట్టుకుంది. గ్యాస్ అనుకుని సోడా తాగాను. నొప్పి మళ్లీ మళ్లీ వచ్చింది. హిందూపురంలో స్కానింగ్ చూసి సర్జన్, "గాల్‌బ్లాడర్ నిండా స్టోన్స్. ఆలస్యమైతే ఇన్‌ఫెక్షన్ అవుతుంది" అన్నాడు. జనరల్ అనస్థీషియా ఇచ్చి ఆపరేషన్ చేస్తామన్నారు. ముందురోజు నర్సు, "పొద్దున ఏమీ తినకుండా రావాల" అంది. తినకుండానే వెళ్లాను.

థియేటర్ బయట మత్తు డాక్టరమ్మ అడిగింది: "పెద్దాయనా, ఏమన్నా తిన్నారా?"

"లేదమ్మా."

నా భార్య అంతటితో ఊరుకోవచ్చు గదా! "మా ఆయన మెతుకు ముట్టలేదమ్మా. ఒక చెంబు అంబలి తాగినాడు, అంతే."

డాక్టరమ్మ ఆ రోజు ఆపరేషన్ ఆపేసింది. నాకు ఒళ్లు మండింది. "తిన్నావా అంటిరి గానీ, తాగినావా అని ఎవరడిగినారు?"

"అంబలీ అన్నం కిందే లెక్క. మత్తులో దగ్గు కూడా రాదు. కడుపులోది పైకొచ్చి లంగ్స్‌లోకి పోతే ప్రాణం పోతుంది" అంది.

ఆ రాత్రే చలిజ్వరం. ఇన్‌ఫెక్షన్ మొదలైందన్నారు. అది తగ్గేదాకా సెలైన్లు, ఇంజెక్షన్లు. పక్క మంచం మీద హెర్నియా ఆపరేషన్ అయిన తాడిమర్రి గొర్రెల కాపరి ఉండేవాడు. రోజూ తెల్లారితే, "ఏమప్పా అంబలి మునసబూ, ఈపొద్దు చెంబు యాడ?" అనేవాడు. మా వంశానికి చివరికి దక్కిన బిరుదు అది.

జ్వరం తగ్గాక రెండోసారి థియేటర్‌కు తీసుకుపోతే, డాక్టరమ్మ తినడం, తాగడం వేరువేరుగా అడిగింది. ముఖానికి ఆక్సిజన్ మాస్క్ పెట్టి, "మీ పెద్దల గురించి చెప్పండి" అంది. చేతి నరంలోకి మందు మంటగా ఎక్కింది. "మా ముత్తాత..." అన్నంతవరకే గుర్తు. తాత దాకా రానేలేదు. మళ్లీ ఎవరో నా పేరు పెట్టి పిలుస్తుంటే కళ్లు తెరిచాను. గొంతు గీరుకుపోయింది. శ్వాస కోసం ట్యూబ్ వేశారట.

ఇప్పుడు నొప్పి లేదు. నూనె తగ్గించి, అన్నీ తింటున్నాను. ఆపరేషన్‌కు పోయేవాళ్లకు ఒకటే చెబుతాను. వాళ్లు తిన్నారా అని మాత్రమే అడిగినా సరే, నీళ్లతో సహా నోట్లో పడినదంతా చెప్పండి. ఏది ఎప్పటిదాకా తాగవచ్చో మీరే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు అంబలి స్టీలు గ్లాసులో తాగుతున్నాను. వెండి చెంబును ఆసుపత్రి బిల్లు కోసం హిందూపురంలోనే అమ్మేశాం.