ఏడును మూడుతో భాగిస్తే

ఆ రోజుల్లో నాకు తెలిసిన బీజగణితంలో ఎక్స్ మహా మర్యాదస్తుడు. ఎక్కడ దాక్కున్నా, రెండు పంక్తులు దిగేసరికి ఏ మూడో, ఐదో, మహా అయితే పన్నెండో అయి చేతులు కట్టుకుని నిలబడేవాడు. (అలా నిలబడేటట్టు ముందే చూసుకుని లెక్కలు అల్లుతారని తర్వాత తెలిసింది.) బీ.ఎడ్. చదువుతూ జహనుమాలో ఒక బాలికల బడికి పాఠాలు చెప్పడానికి వెళ్లేవాణ్ణి. మా కాలేజీ మేడం చివరి బెంచీ మీద కూర్చుని నాకు మార్కులు వేసే రోజు రానే వచ్చింది. దానికోసం ఇంట్లో అద్దం ముందు ఒకటే లెక్క వల్లెవేశాను: 3x + 6 = 15. జవాబు మూడు. నిద్రలో లేపి అడిగినా మూడే.

తీరా బోర్డు ముందుకు వెళ్లాక చెయ్యి వణికి, ఆరు కాస్తా ఎనిమిదైంది. నేను గమనించనే లేదు. దర్జాగా ఎనిమిదిని అవతలికి పంపి తీసేస్తే 3x = 7 అని తేలింది. అక్కడ ఆగిపోయాను.

"మూడో ఎక్కంల ఏడు రాదు సార్," అని ముందు బెంచీలోంచి వినిపించింది. ఆ పిల్లను క్లాసంతా 'వకీల్' అనేవాళ్లు. ఏ మాటనూ వాదించకుండా వదలదు. వెంటనే "లెక్క తప్పు! లెక్క తప్పు!" అని ఒకటే లొల్లి. నా చెయ్యి డస్టర్ మీదికి పోయింది.

"చెరపకున్రి సార్! ఫస్టు గిది తేల్చున్రి," అంది వకీల్. వెనక మేడం కళ్లజోడు సర్దుకున్నారు.

ఇక దారి లేక x = 7/3 అని రాశాను.

"ఏంది సార్, జవాబు గిట్ల ముక్కలు ముక్కలుగ వస్తదా?"

"నన్నెందుకు అడుగుతవ్? లెక్కనే అడుగు. ఎక్స్ జాగల గిది పెట్టి చూడు," అన్నాను. (అద్దం ముందు ఈ మాట అనుకోలేదు, ఎక్కడినుంచి వచ్చిందో!)

వకీల్ వచ్చి నా చేతిలోని సుద్దముక్క లాక్కుంది. మూడుతో గుణించి, పైన మూడును, కింద మూడును కొట్టేసింది. ఏడు మిగిలింది. ఎనిమిది కలిపింది. పదిహేను! బోర్డును కాసేపు అనుమానంగా చూసి, "బరాబర్ వచ్చింది సార్!" అని అరిచింది. క్లాసంతా బల్లలు వాయించింది. పక్క గది టీచరమ్మ కోపంగా తొంగిచూస్తే, అభినందించడానికే వచ్చారనుకుని నమస్కారం పెట్టాను.

బయటికొచ్చాక మేడం అడిగారు: "గా లెక్క కావాల్నని ఇచ్చినవా?"

"లేదు మేడం. చెయ్యి వణికింది."

"మంచిగనే వణికింది. పిల్లలకు ఇయ్యాల ఒక భయం పోయింది," అని నవ్వారు.

ఆ సాయంత్రం యాకుత్‌పురాలోని మా ఇంటిదాకా నడిచే వచ్చాను. నా గర్వం బస్సులో పట్టేలా లేదు. అమ్మ చూసి అడగాలని రెండు చేతుల సుద్దపొడీ కడుక్కోలేదు. అమ్మ చూసింది. "గా చేతులేంది బిడ్డా, ఎవరింటికన్న సున్నమేసినవా? కడుక్కొని రా, అన్నం పెడ్త."

కుడిచెయ్యి మాత్రమే కడుక్కుని తిన్నాను. ఎడమచేతిని ఒళ్లో దాచుకుని, మధ్యమధ్య చూసుకుంటూ ముద్దలు మింగిన ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురైతే నవ్వుతాను గానీ, ఆ చెయ్యి కూడా కడుక్కోమని మాత్రం అనను.