నాయనమ్మ అడిగిన నంబరు

నా చిన్నప్పుడు తిరువూరు మొత్తమ్మీద కెమెరాకు దొరకని ప్రాణి ఒక్కటే, మా నాయనమ్మ. అల్లంత దూరాన పెనుగొలను ఊళ్లో ఎవరైనా కెమెరా సంచి విప్పితే చాలు, ఇక్కడ ఆవిడ గాదె వెనక చేరేది. ఫొటో దిగితే ఆయుష్షు తరిగిపోతుందని గట్టి నమ్మకం. మా ఇంట్లో గేదెకు సైతం ఫొటో ఉంది గానీ ఆవిడకు లేదు. ఒక్కటైనా ఉండాలని మా నాన్న బతిమాలని రోజు లేదు.

కెమెరా ఉన్నది పక్కింటి అక్క దగ్గర. భయపడాల్సిందేమీ లేదని చూపించడానికి అక్క ఒకరోజు కడిగించిన రీలు తెచ్చింది. నాయనమ్మకు అక్షరాలు రావు గానీ క్యాలెండరు పుణ్యమా అని అంకెలొచ్చు. రీలును కిటికీ వెలుగులో పట్టి చూసింది. అంచున బొమ్మబొమ్మకూ ఓ అంకె. మా తాతయ్య బొమ్మ కింద నాలుగు.

"ఓరి నాయనో! ఈయనకిక నాలుగేళ్లేనటే!"

పడక్కుర్చీలో తాతయ్య పేపరు దించి, తన నాడి తనే పట్టి చూసుకున్నాడు.

"అవి కంపెనీవాళ్లు ముందే వేసి పంపే నంబర్లు మామ్మగారూ. ఏ ఫొటో ప్రింటు వేయాలో గుర్తుకి."

"ముందే రాసేశారంటున్నావుగా. నేననేదీ అదేనే!"

మేము నేలమీద పడి దొర్లి నవ్వాం. అక్క నవ్వలేదు. "పోనీ, మీకే నంబరు కావాలి?" అని అడిగింది.

"అన్నిటికంటే పెద్దది."

పెద్దది ముప్ఫై ఆరు. అది రావాలంటే కొత్త రీల్లో ముందున్నవన్నీ అయిపోవాలి. ఇక ఊళ్లో ఫొటో దిగని మేక లేదు. తోటలో మామిడికాయలు కూడా తల దువ్వుకుని వరసలో నిలబడ్డాయి. ఆఖరికి అక్క కేకేస్తే, నాయనమ్మ పట్టుచీరలో వచ్చింది. వచ్చి కూర్చోలేదు. తాతయ్యను రెక్క పట్టుకుని లాక్కొచ్చి పక్కన నిలబెట్టుకుంది.

"నాలుగుతో వదిలేస్తానా ఈయన్ని? ఇద్దరికీ ఇదే నంబరు. ఊఁ, నొక్కమ్మాయ్!"

వాళ్లిద్దరూ కలిసి ఉన్న ఫొటో మాకు అదొక్కటే. అందులో తాతయ్య నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఇప్పటికీ తేల్చలేకపోయాం.

ఎవరైనా వింత భయం చెబితే నాకు నవ్వు ఇప్పటికీ తన్నుకొస్తుంది. దాన్ని ఎలాగో మింగి, ఏం చేస్తే ధైర్యంగా ఉంటుందో అడుగుతాను. చాలాసార్లు ఆ భయం తమ కోసం కాదని, ఇంకెవరి కోసమోనని అప్పుడుగానీ బయటపడదు.