మగ్గాల గదిలో అతికిన కేబుల్

2022 జూలై మొదటివారంలో నన్ను తమిళనాడులోని గుడియాత్తానికి పంపారు. అప్పటికి నేను వేలూరులోని ఒక నెట్‌వర్క్ నిర్వహణ సంస్థలో సీనియర్ ఫీల్డ్ ఇంజనీరును. పదవీ విరమణ దగ్గరపడింది, మోకాళ్లు మెట్లంటే విసుక్కునేవి. ఫిర్యాదు క్లుప్తంగా ఉంది: పెళ్లి వీడియోల స్టూడియోలో నాస్ నెమ్మదిగా ఉంది, వేగం పెంచాలి. నాస్ అంటే పలు కంప్యూటర్లు కేబుల్ మీదుగా పంచుకొనే డిస్కుల పెట్టె. కొత్త పెట్టె అమ్మి రమ్మన్నది మా మేనేజరు మాట.

స్టూడియో లోకనాథానిది. మేడమీద ఎడిటింగ్ గది, కింద అతని తండ్రి మునెప్ప లుంగీలు నేసే మగ్గాల గది. చల్లగా ఉంటుందని పెట్టెను కిందే ఉంచారు. నాలుగు కెమెరాల చిత్రాన్ని పక్కపక్కన నడిపితే తెర ఆగి ఆగి కదిలేది. జూలై నడుమ మొదలయ్యే తమిళుల ఆడి నెల పుట్టేలోగా ఒక పెళ్లి వీడియో ఇవ్వాలి. ఆడికి పుట్టింటికి వచ్చే పెళ్లికూతురితో కూర్చుని బంధువులంతా దాన్ని చూస్తారు. అందకపోతే చిత్రాలన్నీ వేలూరులోని మరో స్టూడియోకు ఇచ్చేస్తానని ఆమె తండ్రి హెచ్చరించాడట. అదే జరిగితే సొంత కులస్థుల పెళ్లిళ్లకు ఇక తనను పిలవరని లోకనాథం భయం.

అతను అప్పటికే డిస్కులు మార్పించాడు. నేను ముందు పెద్ద ఫైలు ఒకటి కాపీ చేసి చూశాను. సెకనుకు పదకొండు మెగాబైట్లు. ఆ అంకె మా వృత్తిలో పాత పరిచయమే. నూట పదికి దగ్గరగా రావలసిన చోట పదకొండు వస్తే డిస్కును కాక దారిని అనుమానించాలి. బైటుకు ఎనిమిది బిట్లు కనుక, వేయి మెగాబిట్ల కేబుల్ ఎక్కడో దెబ్బతిని వందకు దిగిపోయిందన్నమాట.

కేబుల్ వెంట నడుస్తూ కిందికి దిగాను. మగ్గం వెనుక ఎలుకలు కొరికిన చోట ఎవరో ఎనిమిది తీగలనూ రంగుకు రంగు కలిపి, తెగిన పడుగు పోగును అతికినంత నున్నగా మెలిపెట్టారు. వేలితో తడిమితే ముడి తెలియలేదు.

"ఏమప్పా, అట్ల తడుముతావు? నా చేత్తో అతికిన పోగు యాడన్నా తెగిందా?" అన్నాడు మునెప్ప, మగ్గం ఆపకుండానే.

లోకనాథం నన్ను పక్కకు లాగి, "నాయన ముందర ఆ అతుకు మాట అనొద్దండి సార్. కొత్త పెట్టెనే కొనేస్తా," అని గొంతు తగ్గించాడు. మా సంస్థకు కావలసిందీ అదే. అయితే ఎంత వేగవంతమైన పెట్టె తెచ్చినా ఆ అతుకు దాటి వచ్చేది పదకొండే. ఆ మాట అతనికి మెల్లగానే చెప్పాను. మగ్గం ఆగింది.

"ఒరేయ్, నా మర్యాద కోసరం పెట్టె కొంటావా?" అన్నాడు మునెప్ప. "ఆ పిల్ల నాయన వచ్చి వాకిట్లో అరస్తే అప్పుడు యాడుంటాది రా మర్యాద?" తర్వాత నావైపు తిరిగి, తప్పేమిటో చెప్పమన్నాడు. ఈ తీగలు జంటలుగా మెలిక తిరిగి ఉంటేనే పక్కజంట అలజడి సోకదని, అతుకు దగ్గర ఆ మెలిక విడిపోయిందని, ఒక తీగ సరిగా అంటుకోలేదని చెప్పాను. ఆయన అతుకును చేతిలోకి తీసుకుని, "నూలుకు అంత రోషం లేదులే. కొయ్యి," అన్నాడు.

అతుకులేని కొత్త కేబుల్ లాగించాను. కాపీ వేగం నూట ఎనిమిదికి చేరింది. నాలుగు కెమెరాలూ ఆగకుండా నడిచాయి. ఆడి పుట్టడానికి రెండు రోజుల ముందే వీడియో చేరిందని లోకనాథం ఫోన్ చేశాడు. కేబుల్ కోసిన రోజంతా తండ్రి తనతో మాట్లాడలేదని కూడా చెప్పాడు. పెట్టె అమ్మకుండా వచ్చినందుకు మేనేజరు నన్ను సంజాయిషీ అడిగాడు.

వేగం చాలదన్నప్పుడు ముందు దారిని కొలవాలి, తర్వాత డిస్కును, కొనుగోలు మాట చివర. తప్పు ఎవరి చేతిదో తెలిసినా ఈ వరుస మార్చకూడదు. మారిస్తే ఆ మనిషికీ మేలు జరగదు, పనికీ జరగదు.